మా వీధివాళ్లకు, ఆ బోటు నడిపినాయనకు

అందరికీ నమస్కారం. నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. సింగ్‌నగర్ పైపుల రోడ్డు లోపలి వీధిలో కింది వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నాం, నేనూ నా ఇద్దరు పిల్లలూ. బుడమేరు వాగు వరద వచ్చి నెలన్నర అయింది. ఈ మాటలు ఎప్పుడో రాయాల్సింది. ఇల్లు కడుక్కోవడం, తడిసినవి ఎండబెట్టుకోవడం, మధ్యలో డ్యూటీలు, వీటితోనే దసరా కూడా వెళ్లిపోయింది. ఇవాళ ఆఫ్ దొరికింది.

2024 ఆగస్టు 31, శనివారం. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడిన రోజు. పొద్దుటి నుంచి ఒకటే వాన. నాకు నైట్ డ్యూటీ. పిల్లలకి అన్నం, పప్పుచారు చేసిపెట్టి ఏడింటికి బయల్దేరాను. మేడ మీద ఉండే మా ఇంటి ఓనరు మామ్మగారు ఎప్పటిలాగే చాప, దుప్పటి పట్టుకుని మా వాటాలోకి దిగారు. "గొడుగు తీసుకెళ్లమ్మా" అన్నారు.

ఆదివారం పొద్దున్నే పాప ఫోన్ చేసింది. "అమ్మా, వీధిలోకి నీళ్లొస్తున్నాయి." వాన నీళ్లే అనుకున్నాను. గుమ్మానికి గోనె సంచులు అడ్డం పెట్టమని, ఫ్రిజ్ స్విచ్ తీసెయ్యమని చెప్పాను. కాసేపటికి మళ్లీ చేస్తే ఫోన్ కలవలేదు. ఎనిమిదింటికి నన్ను రిలీవ్ చేయాల్సిన అమ్మాయిది రాజరాజేశ్వరీపేట. ఆమె కూడా రాలేదు, ఫోనూ లేదు. వార్డులో 22 మంది పేషెంట్లు, నర్సులం ఇద్దరం. ఎలా వదిలి వెళ్తాను? సెలైన్లు మారుస్తూనే ఉన్నాను, చేతులు మాత్రం వణుకుతున్నాయి. బుడమేరుకి గండ్లు పడ్డాయని ఒక పేషెంట్ కొడుకు ఫోన్‌లో చూసి చెప్పాడు. మధ్యాహ్నం మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ సెలవు రోజైనా తానే వచ్చి, నా చేతిలోంచి మందుల ట్రాలీ తీసుకుని, "నువ్వెళ్లు, హ్యాండోవర్ తర్వాత రాసుకుందాం" అన్నారు. సిస్టర్, మీకు ముందుగా నా నమస్కారం.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదికెళ్లి చూస్తే అవతల రోడ్డు లేదు. ఫ్లైఓవర్ దిగే చోటు నుంచే నీళ్లు. ఎవరి ఇంటివైపు చూసి వాళ్లు ఏడుస్తున్నారు. ఉన్న బోట్లు ముసలివాళ్లని, బాలింతలని తీసుకురావడానికే చాలడం లేదు. చీకటిపడేదాకా నిలబడి, దారిలేక మళ్లీ ఆసుపత్రికే వెళ్లాను. రాత్రి తొమ్మిది దాటాక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మీ పిల్లలు మామ్మగారి దగ్గరున్నారు, బాగున్నారు, చార్జింగ్ లేదు, పెట్టేస్తున్నా." అంతే. మా ఎదురింటి ఇంటర్ కుర్రాడు. తన ఫోన్‌లో మిగిలిన ఆ కొంచెం చార్జింగ్‌తో వాళ్ల నాన్నకి చేసుకోవచ్చు. నాకు చేశాడు.

ఇంట్లో ఏం జరిగిందో తర్వాత పిల్లలు చెప్పారు. నీళ్లు గుమ్మం దాకా రాగానే మామ్మగారు రంగు చూసి, "ఇవి వాన నీళ్లు కాదు, ఏటి నీళ్లు. పైకి పదండి" అన్నారట. ఆవిడ 2005లో బుడమేరు వచ్చినప్పుడు ఇదే వీధిలో ఉన్న మనిషి. నేను గోనె సంచులు అన్నాను, ఆవిడ పైకి అన్నారు. నా మాట విని ఉంటే పిల్లలు ఇంకో అరగంట కిందే ఉండేవాళ్లు. సాయంత్రానికి మా కిటికీలు మునిగిపోయాయి.

వీధి చివర టిఫిన్ బండి పెట్టుకునే అన్నయ్య నడుం లోతు నీళ్లలో మా ఇంట్లోకొచ్చి, "మీ అమ్మకి ముఖ్యమైంది ఏంటమ్మా?" అని పాపని అడిగాడట. పాప మంచం కింది ట్రంకు పెట్టె చూపించింది. అందులో నా జీఎన్ఎం నర్సింగ్ సర్టిఫికెట్, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, వాళ్ల నాన్న డెత్ సర్టిఫికెట్, మా పెళ్లి ఫోటోలు ఉన్నాయి. దాన్ని నెత్తిన పెట్టుకుని మేడ ఎక్కించాడు. ఆయన బండి, గ్రైండర్, రెండు గ్యాస్ పొయ్యిలు నీళ్లలో పోయాయి. అవి ఎత్తి పెట్టుకునే టైములో నా పెట్టె మోశాడు. అన్నయ్యా, ఆ కాగితాలు పోతే నాకు ఉద్యోగం చూపించుకునే ఆధారమే లేదు.

మా బాబుకి ఉబ్బసం. కంగారులో ఇన్‌హేలర్ కిందే ఉండిపోయింది. మధ్యాహ్నానికి వాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. అప్పటికి నీళ్లు మెడ లోతు. ఆ ఇంటర్ కుర్రాడే లారీ ట్యూబ్ వేసుకుని మా ఇంట్లోకి వెళ్లి, ఫ్రిజ్ మీది డబ్బాలోంచి తెచ్చాడు. నర్సుగా చెబుతున్నాను, ఉబ్బసం ముదిరిందంటే ఇంట్లో చేసేదేమీ ఉండదు. ఆక్సిజన్, నెబ్యులైజర్ కావాలి. ఆ మేడ మీద కరెంటే లేదు. బాబూ, నువ్వు చేసింది ఎంత పెద్ద పనో నీకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

ఆ మేడ మీద రెండు గదుల్లో పదిహేడుమంది. ఒకటే సిలిండర్. గిన్నెల్లో వాన నీళ్లు పట్టి, కాచి, చల్లార్చి పిల్లలకి ముందు తాగించారట. రవ్వ ఉన్నంతవరకూ ఉప్మా. మా పాపకి సరిగ్గా ఆ రోజే నెలసరి వచ్చింది. ఎవరితో చెప్పాలో తెలియక మూలన కూర్చుంటే మామ్మగారే కనిపెట్టి, తన మెత్తటి పాత చీర చింపి ఇచ్చి, బాత్రూం దగ్గర కాపలా నిలబడ్డారట. ఇది అందరిలో రాయొచ్చా అని పాపనే అడిగాను. "రాయమ్మా" అంది.

సోమవారం మధ్యాహ్నం నాకు బోటు దొరికింది. సముద్రం వైపు నుంచి వచ్చిన మత్స్యకారులది. డబ్బు తీసి చేతిలో పెట్టబోతే బోటు నడిపినాయన వెనక్కి నెట్టేశాడు. ఇంటికి చేరేసరికి బాబు పిట్టగోడ మీంచి చూసి, "అమ్మా, యూనిఫాం తడిసిపోతుంది" అని అరిచాడు. రెండు రోజులుగా ఆ తెల్ల బట్టల్లోనే ఉన్నాను. వార్డు నుంచి మామ్మగారికి బీపీ మాత్రలు తెచ్చాను, అవి ఇచ్చి, "మీరూ రండి" అన్నాను. ఆవిడ రాలేదు. చంటిబిడ్డతో ఉన్న పక్కింటి అమ్మాయిని మాతో బోటెక్కించి, తాను మర్నాడు వచ్చారు.

ఇప్పుడు తొమ్మిదేళ్ల సంగతి. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ పని చేసేవారు. 2015లో గుండెపోటుతో పోయారు. అప్పటికి పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు. నా జీతం 9,500. పిల్లల్ని హాస్టల్లో వేయమని కొందరన్నారు, ఊరికి వచ్చేయమని కొందరన్నారు. నేను నైట్ డ్యూటీలు అడిగి తీసుకున్నాను. పగలు డ్యూటీ అయితే పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండదు. నైట్ అయితే వాళ్లు నిద్రపోయే వేళ నేను ఉండను, నాలుగింటికి గుమ్మంలో ఉంటాను. కానీ రాత్రిపూట ఇద్దరు చిన్నపిల్లల్ని తాళం వేసి ఎలా వెళ్లడం? మొదటి నైట్ రోజున మామ్మగారు నేను అడక్కుండానే చాప తెచ్చుకున్నారు. అప్పటి నుంచి నెలకి పదిహేను రాత్రులు. పొద్దున జడలు వేసి, బాక్సులు కట్టి బడికి పంపింది కూడా ఆవిడే. నేను వచ్చేసరికి తొమ్మిది అయ్యేది. అద్దె ఆలస్యమైనా ఒక్కసారీ అడగలేదు.

"ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంది" అని నా గురించి అంటుంటారు. మొన్న రిలీఫ్ పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా అదే అన్నారు. అప్పుడేమీ అనలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను, అది నిజం కాదు. నేను సంపాదించాను, రాత్రులు పెంచింది మామ్మగారు.

బోటులో బయటికొచ్చాక తొమ్మిది రోజులు మమ్మల్ని పటమటలో తన ఇంట్లో ఉంచుకున్న మా నర్సింగ్ బ్యాచ్ స్నేహితురాలికి, తలా కొంత వేసి 18,500 పంపిన బ్యాచ్ అందరికీ కృతజ్ఞతలు. దాంతో పొయ్యి, మిక్సీ, రెండు పరుపులు కొన్నాను. గండ్లు పూడ్చడానికి సెప్టెంబరు 7 దాకా రాత్రింబవళ్లు వానలో పనిచేసిన కార్మికులకి, ఆర్మీ వాళ్లకి, మా ఇంట్లోంచి మోకాలి లోతు బురద కడిగిన ఫైర్ ఇంజిన్ సిబ్బందికి, వేరే ఊళ్ల నుంచి వచ్చి మా వీధి చెత్త ఎత్తిన పారిశుధ్య కార్మికులకి దండం పెడుతున్నాను. కింది వాటాల వాళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలూ అందాయి. పాప పుస్తకాలన్నీ పోతే కాలేజీ లెక్చరర్లు నోట్సులు జిరాక్స్ తీయించి ఇచ్చారు. టిఫిన్ బండి అన్నయ్య మళ్లీ బండి పెట్టాడు. లూనా సెంటర్ వైపు వెళ్లేవాళ్లు పొద్దున మా వీధి చివర ఒక్క నిమిషం ఆగండి, అట్టు చాలా బాగా వేస్తాడు.

ఒక్కరికి మాత్రం నేరుగా చెప్పుకోలేకపోయాను. సెప్టెంబరు 2, సోమవారం మధ్యాహ్నం, ఫ్లైఓవర్ దగ్గర నుంచి పైపుల రోడ్డు వైపు బోటు నడిపినాయన. నీలం రంగు బోటు. నడి వయసు, కుడి మోచేతికి గుడ్డ కట్టుకుని ఉన్నారు. వానలో మా బాబు తల తడుస్తుంటే తన భుజం మీది గళ్ల తువ్వాలు తీసి వాడి తలకి చుట్టారు. దిగే హడావుడిలో పేరు అడగలేదు, తువ్వాలు తిరిగి ఇవ్వలేదు. మీలో ఎవరికైనా ఆయన తెలిస్తే దయచేసి చెప్పండి. ఉతికి మడతపెట్టి ఆ ట్రంకు పెట్టెలోనే ఉంచాను.