ఊరు మారదు బావా, పేరే మారుతుంది

పాలకొల్లు
ఆదివారం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరంలో సగం కొబ్బరి రేట్ల మీద ఏడుపు, సగం ఆ పైథాన్ ప్రోగ్రామింగ్ భాష మీద తిట్లు. రేట్ల విషయంలో నేను చేయగలిగిందేం లేదు, ఆయ్. ఇక్కడ మాకూ దింపు కూలి పెరిగిపోయి, కాయ చెట్టునే వదిలేద్దామా అన్నట్టుంది. ధవళేశ్వరంలో నీళ్లొదిలారుగానీ మా పిల్లకాలవకి ఇంకా రాలేదు. నాన్నగారు రోజూ పొద్దున్నే తూము దాకా వెళ్లి చూసొస్తున్నారు. కాబట్టి పైథాన్ సంగతే మాట్లాడుకుందాం.

నువ్వు పంపిన ప్రోగ్రాం చదివాను. మీ కొట్లో గుమస్తాలు ఊరి పేరు కొడుతూ చివర ఓ స్పేస్ తగిలిస్తున్నారు. దాంతో అంబాజీపేట రెండు ఊళ్లయి, రెండు మొత్తాలు పడుతున్నాయి. దాన్ని వదిలించుకోవడానికి ‘ఊరు డాట్ స్ట్రిప్’ అని ఓ లైను రాశావు. ఎర్రరూ రాలేదు, స్పేసూ పోలేదు. వెంటనే స్ట్రిప్‌లో బగ్గుందని తేల్చేశావు! 1991 నుంచి జనం వాడుతున్న భాషలో ఆ బగ్గు నీ ఒక్కడి కోసం దాక్కుందంటావా?

స్ట్రిప్ తన పని తాను చేసింది. స్పేస్ లేని కొత్త స్ట్రింగ్ (ప్రోగ్రాంలో అక్షరాల వరసని అలా అంటారు) ఒకటి తయారుచేసి నీ చేతికిచ్చింది. నువ్వు పట్టుకోలేదు, అది గాలికి పోయింది. పాతది పాతగానే ఉంది. ‘ఊరు ఈక్వల్స్ ఊరు డాట్ స్ట్రిప్’ అని రాయి, సరిపోతుంది. ముక్క మార్చే రీప్లేస్, ఇంగ్లిష్ అక్షరాల్ని పెద్దవీ చిన్నవీ చేసే అప్పర్, లోయర్, అన్నిటిదీ ఇదే వరస.

రిజిస్టరైన దస్తావేజు అనుకో. సర్వే నంబరు తప్పు పడిందని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ దాన్ని గీకి దిద్దరు కదా. సవరణ దస్తావేజు ఇంకోటి రాయించుకోవాలి. స్ట్రింగూ అంతే, పుట్టాక దిద్దుబాటు లేదు. దీన్నే ఇమ్యూటబుల్ అంటారు. మరి ‘ఊరు’ అని నువ్వు పెట్టిన పేరో? అది ఉత్త చీటీ. ఇవాళ ఈ స్ట్రింగ్ మీద, రేపు ఇంకో స్ట్రింగ్ మీద అంటించుకోవచ్చు. మారేది చీటీ ఉన్న చోటు, స్ట్రింగ్ కాదు. ఈ తేడా బుర్రకెక్కితే నీ తిట్లలో ముప్పాతిక తగ్గిపోతాయి.

“అసలు ఇలా ఎందుకు పెట్టారు, మనల్ని ఏడిపించడానికి కాకపోతే?” అన్నావు. నీ ప్రోగ్రాంలోనే జవాబుంది చూడు. ఊరివారీ మొత్తాలు డిక్షనరీలో, అంటే పేరు చెబితే దాని విలువ తీసిచ్చే పట్టీలో, పెట్టావు. డిక్షనరీ ఏం చేస్తుందంటే, ఊరి పేరులోని అక్షరాలతో ఓ లెక్క కట్టి, ఆ లెక్కను బట్టి ఏ అరలో పెట్టాలో తేలుస్తుంది. అరలో పెట్టాక లోపల అక్షరాలు మారిపోయాయనుకో, లెక్క మారుతుంది, వేరే అరలో వెతుకుతుంది, మొత్తం ఉన్నా దొరకదు. అందుకే మధ్యలో మార్చగలిగే లిస్టును కీగా, అంటే ఊరి పేరు ఉండే చోట, ఇస్తే పైథాన్ ఒప్పుకోదు, ‘అన్‌హ్యాషబుల్’ అని మొహం మీదే చెప్పేస్తుంది. మా ఆఫీసులో వాడే జావాలోనైతే స్ట్రింగ్ ఎలాగూ మారదన్న ధీమాతో ఆ లెక్క ఒకసారి కట్టి దాచేసుకుంటుంది కూడా. పది థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు, ఒకే స్ట్రింగ్‌ని చదువుతున్నా తాళాలు వేయక్కర్లేదు. సి భాషలో స్ట్రింగంటే ఉత్త అక్షరాల వరస, ఎవడైనా మధ్యలో చెయ్యి పెట్టి మార్చెయ్యొచ్చు. ఆ స్వేచ్ఛ నాకొద్దు బాబూ.

నువ్వు మొదటి అక్షరాన్ని నేరుగా మార్చబోతే టైప్ ఎర్రర్ వచ్చిందన్నావు. అది మంచిదే. జావాస్క్రిప్ట్‌లో స్ట్రిక్ట్ మోడ్ అనే కట్టుదిట్టం పెట్టుకోకపోతే ఆ ముక్క కూడా చెప్పదు, నోరు మూసుకుని ఊరుకుంటుంది. పైథాన్ కనీసం అరుస్తుంది.

ఇంతకీ తెలుగులో ‘మొదటి అక్షరం’ అంటే ఏది? ఈ ముక్క ఏ ట్యుటోరియల్‌లోనూ సరిగ్గా చెప్పరు. ఆత్రేయపురం తీసుకో. మనం చదివితే ఆ, త్రే, య, పు, రం, మొత్తం అయిదు. పైథాన్‌ని పొడవు అడుగు, 10 అంటుంది. ‘త్రే’ ఒక్కటే దానికి నాలుగు: త, పొల్లు, ర, ఏత్వం. గుణింతం, సున్నా, అన్నీ వేరే వేరే కోడ్లు. యుటిఎఫ్-8లో, అంటే ఆ కోడ్లని బైట్లుగా రాసే పద్ధతిలో, ఫైలుకెక్కిస్తే ఒక్కోదానికి మూడేసి బైట్లు, అంటే ఆ ఊరి పేరుకి 30. స్ట్రింగ్‌ని తిరగేసి ప్రింట్ చెయ్యి, గుణింతాలన్నీ పక్కవాళ్ల మీద ఎక్కి కూర్చుంటాయి. ఇలాంటి చోట ఒక గడి తీసి ఇంకో గడి పెట్టే వీలు ఇచ్చి ఉంటే మన ఊళ్ల పేర్లన్నీ ఏమైపోయేవో. నన్నడిగితే తెలుగు రాసుకునేవాడికి ఇమ్యూటబుల్ స్ట్రింగ్ శిక్ష కాదు, రక్ష. ముక్క మార్చాలంటే ముక్క మొత్తం చెప్పి రీప్లేస్ చెయ్యి, గడి నంబరుతో పని పెట్టుకోకు.

స్ట్రిప్ చేశాక కూడా రెండు అంబాజీపేటలు కనిపిస్తే కంగారు పడకు. తెలుగు టైపింగులో ఒక్కోసారి కంటికి కనపడని గుర్తు ఒకటి దూరుతుంది, అక్షరాలు అతుక్కోకుండా ఆపేది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. పైథాన్ లెక్కలో అది స్పేస్ కాదు, స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. దాన్ని రీప్లేస్‌తోనే తీసెయ్యాలి. కానీ ఇంగ్లిష్ పేర్లను తెలుగులో రాసేటప్పుడు అది అవసరపడే చోట్లుంటాయి. కాబట్టి పోల్చుకోవడానికి వాడే కాపీలో మాత్రమే తియ్యి, బిల్లు మీద వేసే పేరులో ఉండనీ.

ఇక నెలాఖరు రిపోర్టు నత్తనడక నడుస్తోందన్నావు కదా. ఇక్కడ మాత్రం ఇమ్యూటబుల్‌కి ఖర్చుంది, ఒప్పుకోవాలి. నువ్వు లూపులో, అంటే ఒకే పని మళ్లీ మళ్లీ చేసే చోట, ‘రిపోర్టు ప్లస్ ఈక్వల్స్ లైను’ అని కలుపుకుంటూ పోతున్నావు. కలిపిన ప్రతిసారీ అప్పటిదాకా ఉన్నదంతా కాపీ చేసి, చివర కొత్త లైను తగిలించి, ఇంకో స్ట్రింగ్ చెయ్యాలి. 50 అక్షరాల లైన్లు 10,000 ఉన్నాయనుకో. చివరికొచ్చే రిపోర్టు 5 లక్షల అక్షరాలే. కానీ దారిలో కాపీ అయ్యేవి దాదాపు 250 కోట్లు! ఒక్క పేరే ఆ స్ట్రింగ్‌ని పట్టుకుని ఉంటే మామూలు పైథాన్ కొన్నిసార్లు లోలోపల ఉన్నచోటే పొడిగించుకుంటుంది, అందుకే అన్నిసార్లూ ఈ బాధ బయటపడదు. ఆ దయ మీద ఆధారపడకు. లైన్లన్నీ లిస్టులో వేసుకుని చివర ఒక్కసారి జాయిన్ చెయ్యి. జావాలో మేం ఇదే పనికి స్ట్రింగ్ బిల్డర్ వాడతాం, 2004లో జావా 5తో వచ్చింది. అంతకుముందు స్ట్రింగ్ బఫర్ ఉండేది, ఇప్పటికీ ఉందనుకో. అలాగని రెండు మూడు ముక్కలు కలిపే చోట కూడా ఈ హడావుడి చెయ్యకు, చదవడానికి చిరాకు తప్ప లాభం లేదు.

ఇంకోటి. రెండు ఊళ్లు ఒకటేనా అని చూడ్డానికి నలభయ్యో లైన్లో ‘ఈజ్’ వాడావు. అది అక్షరాలు కలిశాయా అని కాదు, రెండూ ఒకే కాపీయా అని చూస్తుంది. తీసేసి డబుల్ ఈక్వల్స్ పెట్టు. ఎలాగూ మారవు కదా అని పైథాన్ కొన్ని స్ట్రింగులకి ఒకే కాపీని పంచుతుంది, కొన్నిటికి పంచదు. నువ్వు చేత్తో రాసి పరీక్షిస్తే ‘ఈజ్’ నిజం అనొచ్చు, ఫైల్లోంచి చదివితే అదే పేరు అబద్ధం అయిపోవచ్చు.

ఈ మూడూ దిద్ది, ఓ పాత నెల ఫైలు మీద నడిపి చూడు. మొత్తాలు మీ షావుకారు చిట్టాతో కలవకపోతే ఫైలు నాకు పంపు. పంపేముందు రైతుల పేర్లూ, ఫోన్ నంబర్లూ తీసెయ్. అత్తయ్యగారిని అడిగానని చెప్పు. చించినాడ వంతెన దాటితే అరపూట ప్రయాణం కూడా కాదు, మాటలే గానీ మనిషివి రావు.

ఇట్లు,
నీ బావ