ఎర్ర పెయ్య సంగతి అడిగావు కదా నాన్నా

యెరూషలేము,
శనివారం రాత్రి

నాన్నకి, అమ్మకి వందనాలు.

నేను క్షేమం. నేను చూసుకునే పెద్దాయనకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, రాత్రిళ్లు పడుకుంటున్నాడు. ఆయన పడుకుంటే నాకూ నిద్ర. నువ్వు ఫోన్లో అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. ఉపవాస కూడికలో యెహెజ్కేలు 40 నుంచి 48 దాకా, అంటే ఆయన దర్శనంలో చూసిన మందిరం, అందులోని బలుల సంగతి ఈసారి నువ్వే చెప్పాలన్నారట కదా. బావేమో ఎర్ర పెయ్య వచ్చేసింది, యెరూషలేములో యూదుల మందిరం మళ్లీ లేస్తుంది అనే వీడియో అందరికీ పంపి "మామయ్యా, ఇంక టైమ్ లేదు" అని నిన్ను తొందరపెడుతున్నాడు. ఆ మందిరం కట్టడానికని ఎవరో చందా కూడా అడుగుతున్నారని అమ్మ చెప్పింది. నా డబ్బులోంచి దానికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నేను పంపింది బోటు ఇంజిన్ బాగు చేయించుకోమని.

ఇక పెయ్య. అబద్ధమేమీ కాదు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సాస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యలు విమానంలో ఇక్కడికి వచ్చాయి. ఆ తర్వాత షిలోహులో ఉంచారు, చిన్నప్పుడు సమూయేలు పెరిగిన చోటే. నేను వెళ్లి చూడలేదు. కానీ పెయ్య వచ్చింది కాబట్టి రేపో మాపో మందిరం లేస్తుందని బావ అంటున్నాడే, అక్కడ ఆగమను. సంఖ్యాకాండం 19 తీసి చదవమను. ఆ పెయ్య బూడిద శవాన్ని ముట్టి మైలపడ్డవాళ్ల శుద్ధికి. హెబ్రీయులకు 9:13 లో కూడా అది శరీరశుద్ధికే అని ఉంది. ఇప్పుడు ఆ బూడిద ఎక్కడా లేదు గనక యూదులంతా ఆ మైలలోనే ఉన్నట్టు లెక్క. పూర్వం మందిరం ఉన్న కొండ మీదికి వెళ్లే దారిలో ప్రధాన రబ్బీల, అంటే యూదుల పెద్ద మతగురువుల, పేరు మీద బోర్డు ఉంటుంది, ధర్మశాస్త్రం ప్రకారం ఈ పరిశుద్ధ స్థలంలో అడుగు పెట్టకూడదని. దాన్ని దాటుకుని వెళ్లే యూదులూ ఉన్నారు, అది వాళ్లలో వాళ్లకి తెగని తగువు.

ఆ పెయ్యకి షరతులు మన పెళ్లి సంబంధాల కంటే ఎక్కువ. వేరే రంగు వెంట్రుకలు రెండు కనబడితే చాలు, పనికిరాదు. మెడ మీద కాడి పడి ఉండకూడదు. మోషే నుంచి రెండో మందిరం కూలేదాకా మొత్తం తొమ్మిదే దొరికాయని, పదోది మెస్సీయ సిద్ధం చేస్తాడని వాళ్ల పెద్దలు రాసిపెట్టారు.

మందిరం సామాను మాత్రం తయారు చేసేవాళ్లున్నారు. 1987 లో పెట్టిన ఒక సంస్థ యాజకుల బట్టలు, వెండి పళ్లేలు, బూరలు అన్నీ చేయించింది. పడమటి గోడ దగ్గరికి దిగే మెట్ల పక్కన అద్దాల పెట్టెలో వాళ్ల బంగారు దీపవృక్షం ఉంటుంది, మనిషి కంటే ఎత్తు. టూరిస్టులు దాని ముందు సెల్ఫీలు దిగుతుంటారు. నేనూ దిగాను, తమ్ముడి ఫోన్లో ఉంటుంది చూడు. అయితే తల ఎత్తి చూస్తే కొండ మీద బంగారు గుమ్మటం. ఏడో శతాబ్దం చివర్లో కట్టింది. దాని పక్కనే అల్ అక్సా మసీదు. ఆ ఆవరణని జోర్డాన్ తరఫున వక్ఫ్ చూసుకుంటుంది. 1967 నుంచి పేరుకి ఉన్న ఏర్పాటు ఒక్కటే, అక్కడ ప్రార్థన ముస్లింలది, మిగతావాళ్లు చూసి రావచ్చు. 2023 అక్టోబరు దాడికి హమాస్ పెట్టుకున్న పేరులోనే అల్ అక్సా ఉంది. ఆ తర్వాత వాళ్ల ప్రతినిధి ప్రసంగంలో ఈ ఎర్ర ఆవుల ప్రస్తావన కూడా వచ్చింది. మీకు అక్కడ వీడియో. మాకు ఇక్కడ సైరన్, పెద్దాయన్ని వీల్‌చైర్‌లో తోసుకుంటూ షెల్టర్‌కి పరుగు. ఆ గుమ్మటం ఎప్పుడు కూలుతుందా అని మనవాళ్లు చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కింద బతికేది మనుషులు నాన్నా.

బలి అనేది కళ్లారా చూశాను, అది చెప్పాలి నీకు. యెరూషలేములో కాదు, గెరిజీము కొండ మీద. యోహాను 4 లో బావి దగ్గరి స్త్రీ "మా పితరులు ఈ పర్వతమందు ఆరాధించిరి" అంటుంది కదా, అదే కొండ. ఆ స్త్రీ జాతివాళ్లు, సమరయులు, ఇప్పటికీ ఉన్నారు. వెయ్యి మందికి లోపే, సగం మంది ఆ కొండ మీద, సగం మంది టెల్ అవీవ్ పక్కన హోలోన్‌లో. పస్కా గొర్రెపిల్లని ఇప్పటికీ కోస్తారు. మన కేర్‌గివర్లం కొందరం వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాం.

సాయంత్రం మగవాళ్లు, పిల్లలు తెల్లబట్టల్లో గొర్రెపిల్లల్ని నడిపించుకుంటూ వచ్చారు. పదేళ్ల కుర్రాడొకడు తన గొర్రెపిల్ల చెవి వెనక గోకుతూ నిలబడ్డాడు. అది వాడి కాలికి ఆనుకుని నిమ్మళంగా ఉంది. పెద్ద యాజకుడు నిర్గమకాండం చదువుతూ పోయాడు, సూర్యుడు దిగే వేళకి ఒక్కసారిగా కేక. కత్తులు ఎప్పుడు ఆడాయో తెలియలేదు. అప్పటిదాకా పాటలు పాడినవాళ్లు ఒకళ్లనొకళ్లు కౌగిలించుకుంటున్నారు, నుదుట రక్తం బొట్టు. ఆ తర్వాత మొదలైంది అసలు పని. సలసలా కాగే నీళ్లు పోసి ఊలు పీకడం, పొట్ట చీల్చి శుభ్రం చేయడం, ఉప్పు పట్టించడం, పొడవాటి కర్రకి గుచ్చడం. భూమిలో నిలువు గుంటలు తవ్వి మంట పెట్టి ఉంచారు. కర్రలన్నీ వాటిలోకి దించి, పైన మూసి, మట్టితో మెత్తారు. తినేది అర్ధరాత్రికి. నా చెప్పులకి అంటిన బురదలో సగం రక్తమే. నాతో వచ్చిన జగిత్యాల అమ్మాయి అటు తిరిగి నిలబడిపోయింది. నాకు మాత్రం నాయనమ్మ చెప్పే మాటలు గుర్తొచ్చాయి, ఆ కాలంలో బోటు నీళ్లలో దించే ముందు గంగమ్మకి మేకని కోసేవారని, తాత మారుమనసు పొందాక అది మానేశాడని.

ఆ రాత్రి నుంచి యెహెజ్కేలు 40 నాకు వేరేలా కనబడుతోంది. మనం ఊళ్లో చదివేటప్పుడు ఆ అధ్యాయాలు దాటేసేవాళ్లం, కొలతలు తప్ప ఏముంది అని. గుమ్మాల దగ్గర వధించే బల్లలు ఎనిమిది. దహనబలి పశువుని కడిగే గది వేరే. గోడకి చుట్టూ బెత్తెడు పొడుగు కొక్కేలు. 46 చివర చూడు, ఆవరణ నాలుగు మూలలా వంటిళ్లు, ఒక్కొక్కటి 40 మూరల పొడవు, 30 మూరల వెడల్పు, కింద వరసగా పొయ్యిలు. మాంసం ఉడికించే చోటు దాకా చూపించాడు దేవుడు. రక్తం, కొవ్వు, వేడినీళ్లు, పొగ, వీటి మధ్య పని చేసేవాళ్లకే కొక్కెం ఎక్కడుందో కావాలి.

ఇది ఎవరికి చూపించాడో అదీ చూడు. యెహెజ్కేలు యాజకుడి ఇంట పుట్టినవాడు, బబులోనుకి చెరపట్టుకుపోబడినవాడు. గ్రంథం మొదటి వచనంలో ఉన్న 30 ఆయన వయసే అని చాలామంది అంటారు. అంటే పనిలో చేరాల్సిన వయసుకి మందిరం 1,500 కిలోమీటర్ల నడక దూరంలో ఉంది. ఈ దర్శనం చెరలో 25వ ఏట, పట్టణం కూలిన 14 ఏళ్లకి. అప్పటికి ఆయనకి యాభై. సంఖ్యాకాండం 4 ప్రకారం ప్రత్యక్షపు గుడారం సేవకి ముప్ఫై నుంచి యాభై. అంటే ఒక్క రోజు కూడా డ్యూటీ చేయకుండా రిటైర్ అయ్యే ఏడు, కొలకర్ర పట్టుకున్న మనిషి ఆయన్ని గుమ్మం గుమ్మం తిప్పి చూపించాడు. నాకూ నిద్ర పట్టనప్పుడు మన అరుగు నుంచి పెరటి గుమ్మం దాకా అడుగులు లెక్కపెట్టుకుంటాను, కాబట్టి ఆ కొలతలు నాకు విసుగనిపించవు. 43:10 లో దేవుడే చెప్పాడు, ఈ మందిరం సంగతి ఇశ్రాయేలీయులకి వివరించు, వాళ్లు తమ దోషాలకి సిగ్గుపడతారు అని. ప్లాను ఇచ్చింది మేస్త్రీలకి కాదనే నేను అనుకుంటున్నాను.

కొలతల ప్రకారం కడదామన్నా చిక్కే. 42 చివర చుట్టూ గోడ ఒక్కో వైపు ఐదువందల కొలకర్రలు. కొలకర్ర అంటే ఆరు పెద్ద మూరలు, మూడు మీటర్ల పైమాటే. అంటే ఒక వైపే కిలోమీటరున్నర. ఇప్పటి ఆవరణ పొడవు అర కిలోమీటరు, వెడల్పు 300 మీటర్లకి అటూ ఇటూ. మూరలే అనుకోవాలని కొందరంటారు. అప్పుడు సరిపోతుంది.

పెద్దాయనతో కూడా మాట్లాడాను. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు, నాతో మాట్లాడటం ఆయనకి కాలక్షేపం. యెహెజ్కేలు చెప్పిన బలులు మోషే ధర్మశాస్త్రంతో సరిపోవని వాళ్లకి ముందునుంచీ తెలుసు. అమావాస్యకి మోషే రెండు కోడెలు, ఏడు గొర్రెపిల్లలు అంటే యెహెజ్కేలు ఒక్క కోడె, ఆరు గొర్రెపిల్లలు అంటాడు. ఈ తేడాల వల్ల పూర్వం రబ్బీలు ఆ గ్రంథాన్నే పక్కన పెట్టేద్దామనుకున్నారట. హనన్యా అనే పెద్దమనిషి అడ్డుపడి, మూడువందల పీపాల దీపం నూనె తెప్పించుకుని మేడగదిలో కూర్చుని, అన్నీ పొసిగే దాకా కిందికి దిగలేదట. అలా కూడా తేలని చోట "ఏలీయా ప్రవక్త మళ్లీ వచ్చినప్పుడు చెబుతాడు" అని తల్మూదులో, అంటే రబ్బీల చర్చలున్న గ్రంథంలో, రాసుకున్నారు. మన బోధకులు ఎప్పుడైనా అలా అన్నారా? పెద్దాయన మాత్రం రోజుకి మూడు పూటలా, మందిరం మా కాలంలోనే త్వరగా కట్టబడాలి అని ప్రార్థిస్తాడు. మరి గొర్రెని కోస్తే చూడగలరా అని అడిగాను. "నేను కోడి రక్తం చూసి కళ్లు తిరిగి పడ్డవాణ్ణి. కానీ నాన్న చేసిన ప్రార్థన, నేనెలా మారుస్తాను?" అన్నాడు.

ఇక మన గొడవ. యేసు ప్రభువు ఒక్కసారే అర్పించబడ్డాక మళ్లీ ఎడ్లూ మేకలూ ఎందుకు? ప్రభువు తిరిగి వచ్చాక జరిగే వెయ్యేళ్ల పాలనలో అవి జ్ఞాపకార్థమే, మనం రొట్టె విరిచినట్టు, అని నీకు నచ్చిన వివరణ. వినడానికి బాగుంది. కానీ యెహెజ్కేలు 45:15, 17 చదువు, ప్రాయశ్చిత్తం చేయడానికి అనే ఉంది, జ్ఞాపకం కోసమని లేదు. అంతా సంఘానికి సాదృశ్యం అనేవాళ్లకి ఆ కొక్కేలు, వంటిళ్లు దేనికి సాదృశ్యమో చెప్పడం రాదు. అపొస్తలుల కార్యములు 21 లో పౌలే నలుగురి మొక్కుబడి ఖర్చు పెట్టుకుని, వాళ్లతో శుద్ధి చేసుకుని, అర్పణ సంగతి చెప్పడానికి మందిరంలోకి వెళ్లాడు. సిలువ అయిపోయిన ఎన్నో ఏళ్లకి. ఆయనకి అది క్రీస్తుని కాదనడంలా అనిపించలేదు. ప్రకటన 21:22 కి వస్తే కొత్త యెరూషలేము పట్టణంలో మందిరమే లేదు, ప్రభువైన దేవుడూ గొర్రెపిల్లా దానికి మందిరం. ఇవన్నీ ఒక చార్టులో బాణం గుర్తులతో ఇరికించి గోడకి వేలాడదీయకు. హెబ్రీయులకు 10 చదివి, రక్తం విషయం ఒక్కసారే తీరిపోయిందని గట్టిగా చెప్పి, మిగతాది ఏలీయాకి వదిలెయ్యి.

నిజానికి నువ్వు చెప్పాల్సింది యెహెజ్కేలు 47 అని నా మాట. మందిరం గడప కింద నుంచి నీళ్లు. వెయ్యి మూరలకి చీలమండల లోతు, ఇంకో వెయ్యికి మోకాళ్లు, ఆ తర్వాత నడుము, ఆ పైన ఈదాల్సిందే. అవి వెళ్లి ఉప్పు సముద్రంలో, అంటే మృత సముద్రంలో, పడితే అది బాగవుతుంది, చేపలు పుడతాయి. ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము దాకా జాలర్లు నిలబడి వలలు ఆరవేస్తారు. పెద్దాయన కొడుకు మమ్మల్ని ఒకసారి ఏన్గెదీ తీసుకెళ్లాడు. అక్కడ ఒడ్డుకి వెళ్లనివ్వరు, నేల ఉన్నట్టుండి కుంగి గోతులు పడుతున్నాయని కంచె వేశారు. నీళ్లు ఏటా సుమారు మీటరు దిగిపోతున్నాయి. మన ఉప్పాడలో సముద్రం ఇళ్లని తినేస్తుంటే ఇక్కడ సముద్రమే ఊరొదిలి పోతోంది. అందులో ఒక్క చేప లేదు. అక్కడ వలలు ఆరతాయని చెప్పినవాడికి ఎంత ధైర్యమో, మన పాకల్లో కూర్చున్నవాళ్లకి చెబితే వెంటనే పడుతుంది. బల్లలు, కొక్కేలు వాళ్లకి ఎక్కకపోయినా వల ఎక్కుతుంది.

11వ వచనం మాత్రం నాకు తేలలేదు. సముద్రమంతా బాగైనా ఆ బురద నేలలు, చిత్తడి చోట్లు బాగవవు, ఉప్పుకే వదిలేస్తాను అంటాడు. పెద్దాయన్ని అడిగితే 43:24 చూపించాడు, బలి మీద యాజకులు ఉప్పు చల్లాలి కదా, ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది అన్నాడు. అమ్మయితే ఎండుచేపలకి ఉప్పు వద్దా అంటుందని నాకు తెలుసు. ఉప్పు మడుల్లో పని చేసిన మావయ్యని కనుక్కుని, ఏమన్నాడో రాయి.

నీ కూతురు