పాపతో హోటల్‌కి వెళ్ళేవాళ్ళకి

అందరికీ నమస్కారం అండి. సింగపూర్‌లో చంటిపిల్లతో బయట తినడం గురించి మొన్న ఎవరో అడిగారు కదా, ఇప్పటికి కుదిరింది.

ఆదివారం లిటిల్ ఇండియాలో ఒక చిన్న టిఫిన్ హోటల్‌కి వెళ్ళాం. మా పాపకి తొమ్మిది నెలలు. స్ట్రోలర్ చూడగానే అక్కడ పనిచేసే ఆంటీ గోడవారగా ఉన్న టేబుల్ చూపించి, అడక్కుండానే బేబీ చైర్ తుడిచి తెచ్చారు. ముందు పాపకి ఇడ్లీ. తర్వాత మా సాంబారు గిన్నె పాప చేతికి అందకుండా నా వైపు జరిపారు. ఆ ఒక్క పనితో నా టెన్షన్ సగం పోయింది. అమ్మావాళ్ళు దగ్గర లేని ఊళ్ళో వేడివేడిగా నాలుగు ముద్దలు తినడమంటే మాటలా!

అంతకుముందు వారం ఓ పెద్ద రెస్టారెంట్‌లో వేడినీళ్ళు మూడుసార్లు అడిగాం. రాలేదు. సర్వీస్ ఛార్జి మాత్రం వచ్చింది.

కొత్తగా వచ్చినవాళ్ళకి: మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10% సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద 9% జీఎస్టీ. అంటే 100 డాలర్ల భోజనం 119.90 అవుతుంది. ఇక్కడ టిప్ అలవాటు పెద్దగా లేదు కాబట్టి టిఫిన్ హోటల్ ఆంటీ గురించి ఓనర్‌తో ఆవిడ ముందే మంచిగా చెప్పాను. తెగ సిగ్గుపడ్డారు.

హాకర్ సెంటర్‌కైతే (చిన్న చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకేచోట ఉండే ఫుడ్ కోర్టు లాంటిది) ఇద్దరు వెళ్ళండి. తిన్న ట్రే మనమే తీసి పెట్టాలి, 2021 నుంచి అది రూల్. చంకలో పాపతో అది సర్కస్సే.

హోటల్ పేరు కావాలంటే విడిగా మెసేజ్ పెట్టండి. పన్నెండు లోపు వెళ్తే ఖాళీగా ఉంటుంది.