మా నెల్లూరన్నను చూసుకున్న మీ అందరికీ

వదిన రాయమంది. "నాకు మాట పెగలడం లేదు, మా అందరి తరఫునా నువ్వే చెప్పు" అంది. అందుకని చెన్నై వెస్ట్ మాంబళంలోని మా వీధి నుంచి, అన్న కుటుంబం తరఫున, స్నేహితుల తరఫున రాస్తున్నాను. పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఎవరెవరు ఏమేం చేశారో కుదురుగా తలచుకోవడానికి ఇప్పటికి వీలు చిక్కింది.

ఆయన తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మా వీధిలో తెలుగువాళ్ళకు నెల్లూరన్న, తమిళవాళ్ళకు నెల్లూర్ అణ్ణా. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు నుంచి పేషెంటును వెంటబెట్టుకుని సెంట్రల్‌లో దిగేవాళ్ళకు ఆయన ఫోన్ నంబరే కొండంత ధైర్యం. స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాయిస్తారు, అడయార్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఎలా వెళ్ళాలి, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల వంట చేసుకోనిచ్చే గది ఎంతకు దొరుకుతుంది, అన్నీ ఆయన నోటుబుక్కులో ఉండేవి. 2019 నవంబరులో ఆరోగ్యశ్రీ చెన్నైలోని కొన్ని ఆసుపత్రుల్లో కూడా మొదలైనప్పుడు, ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకు చూస్తారో ఒక్కొక్క చోటికీ స్వయంగా వెళ్ళి కనుక్కుని రాసుకొచ్చారు. డాక్టరు తమిళంలో చెప్పింది పేషెంటు భార్యకు తెలుగులో చెప్పేటప్పుడు ఆయన తొందరపడేవారు కాదు. చెడ్డ కబురైతే ముందు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, అప్పుడు నోరు విప్పేవారు.

2015 డిసెంబరు వరదల్లో ఫోన్లు పనిచేయక, రైళ్ళు ఆగిపోయి, లాడ్జీల్లో చిక్కుకుపోయిన మన జిల్లా వాళ్ళను వెతుక్కుంటూ నడుం లోతు నీళ్ళలో వెళ్ళారు. తెచ్చినవాళ్ళను తెచ్చినట్టు ఇంట్లోనే పెట్టుకున్నారు. వదిన రెండు పూటలా పెద్ద గిన్నెతో పులిహోర కలిపింది. ఆ రోజుల్లో వాళ్ళింట్లో ఉన్నవాళ్ళలో కొందరు మొన్న పదకొండో రోజుకు వచ్చారు.

ఇంత చేసినా ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఆపరేషన్ బాగా జరిగిందని ఎవరైనా పళ్ళబుట్ట తెస్తే, పక్క మంచం పేషెంటుకు ఇచ్చేయమనేవారు. ఆటో చార్జీ ఇవ్వబోతే కోపం. "ఏం కాదులే అబ్బయ్యా" అనేసి వెళ్ళిపోయేవారు.

అలాంటి మనిషికి షుగర్ ముదిరి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. అయ్యాక కాళ్ళలో సత్తువ ఉండదు, ఒక్కరే ఇంటికి రాలేరు. ఒకరి సాయం తీసుకోక తప్పని పరిస్థితి ఆయనకు జబ్బుకన్నా ఎక్కువ బాధ. మొదట్లో ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే బయల్దేరిపోయేవారు. వదిన ఏడ్చి చెబితే గానీ మాకు తెలియలేదు.

నేను మీ అందరికీ ముఖ్యంగా చెప్పుకోవలసిన కృతజ్ఞత ఇక్కడే ఉంది. ఆయనకు చిన్నతనంగా అనిపించకుండా చేశారు మీరు. ఆఫీసు ఆ పక్కనే అని చెప్పి కారులో ఎక్కించుకున్న తమ్ముడూ, నీ ఆఫీసు గిండీలో అని అన్నకు మొదటి రోజే తెలుసట. తెలిసీ ఏమీ అనలేదంటే, నీ మనసు ఆయనకు అర్థమైందన్నమాట. నాలుగు గంటలూ బయటే ఆగి, వెయిటింగ్ చార్జీ మాట ఎత్తని ఆటో అణ్ణా, మీకు నమస్కారం. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా దగ్గర సూది గుచ్చేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటే, నెల్లూరు చేపల పులుసు ఎలా పెడతారని అడిగి మాటల్లో దించిన డయాలసిస్ సెంటర్ అమ్మాయీ, నువ్వు చల్లగా ఉండాలి. పై అంతస్తు అక్కయ్య కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించేది. అలా చేస్తే పొటాషియం తగ్గుతుందని డైటీషియన్ చెప్పిందట. ఉప్పు తగ్గించి, చింతపండు మానేసి, నిమ్మరసం, మిరియాలతో ఆ కూరకు రుచి తెచ్చింది. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, రోజుకు ఇన్ని గ్లాసుల నీళ్ళే అని లెక్క పెట్టుకుని బతికిన మనిషికి ఆ గిన్నె వచ్చే వేళ పండగే.

ఆయన పోయింది ఇంట్లోనే, తెల్లవారుజామున, గుండెపోటుతో. మూడో అంతస్తులో ఉండే డాక్టరుగారు వేసుకున్న బట్టలతో పరుగెత్తుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు.

కళ్ళు దానం చేయాలన్నది అన్న కోరిక. షుగర్ ఉన్నా, అద్దాలు పెట్టుకున్నా ఇవ్వచ్చని ఎంతమందికో ఆయనే చెప్పేవారు. కానీ ఆ క్షణంలో మాకెవరికీ ఏమీ తోచలేదు. వదినే గుర్తు చేసింది. చనిపోయిన ఆరు గంటల్లోపు తీయాలి. డాక్టరుగారు ఐబ్యాంకుకు ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోగా ఏం చేయాలో చెప్పారు. ఫ్యాను ఆపేశాం. కనురెప్పలు మూసి పైన తడి దూది పెట్టాం. తల కింద దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచాం. దూది ఆరిపోకుండా ఎదురింటి మామి పక్కనే కూర్చుని చుక్క చుక్క నీళ్ళు వేస్తూ ఉంది. ఆవిడ పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏదో జపం.

ఐబ్యాంకు నుంచి వచ్చినవాళ్ళు చిన్నవయసు పిల్లలు. ముందు ఆయన పాదాలకు దణ్ణం పెట్టారు. వదిన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. కొంచెం రక్తం తీసుకున్నారు. అంతా అరగంటలో అయిపోయింది. ముఖం ఏమైనా మారుతుందేమోనని వదిన భయపడింది గానీ, ఎప్పటిలా నిద్రపోతున్నట్టే ఉన్నారు. అంత పద్ధతిగా చేసినందుకు వాళ్ళకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

కూతురు విదేశం నుంచి వచ్చేదాకా ఆగాలి. ఫ్రీజర్ బాక్స్, షామియానా, కుర్చీలు, వచ్చేపోయేవాళ్ళకు మంచినీళ్ళ క్యాన్లు, డెత్ సర్టిఫికెట్ పని, ఏదీ వదినదాకా రానివ్వలేదు మా వీధి కుర్రాళ్ళు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, మామి వాళ్ళు మూడు పూటలా కాఫీ, ఇడ్లీ, పెరుగన్నం పంపారు. ఊరి నుంచి వచ్చినవాళ్ళ స్నానాలకూ పడుకోవడానికీ పక్క ఫ్లాట్ల తలుపులు తెరిచిపెట్టారు. పరీక్షలు రాస్తున్న పిల్లలున్న ఇళ్ళవి, అయినా ఒక్కరూ విసుక్కోలేదు. తలకొరివి కూతురే పెడతానంటే, పురోహితులు "నువ్వు పెట్టక ఎవరు పెడతారమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల కన్నీళ్ళు తుడుచుకుని లేచింది. కన్నమ్మపేట శ్మశానం దాకా నడిచినవాళ్ళలో సగం మంది నాకు తెలియనివాళ్ళు. "మా అమ్మ ఆపరేషన్‌కు అన్న దగ్గరుండి చూశారు," "మా నాన్నకు రక్తం ఇప్పించారు" అని ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. అస్థికలు నెల్లూరు తీసుకెళ్ళి పెన్నలో కలిపారు.

అన్నా, నీ గొంతు వినిపించని సాయంత్రాలు నాకింకా అలవాటు కాలేదు. వీధిలో ఎవరైనా చెప్పులు ఈడ్చుకుంటూ నడిస్తే నువ్వేననుకుని తలెత్తుతున్నాను.

ఇక డబ్బు సంగతి. మీరంతా వేసిన దాంట్లో ఖర్చులు పోను కొంత మిగిలింది. వదిన ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చేయమంది. ఎవరూ తీసుకోనన్నారు. చివరికి, పేషెంటుతో వచ్చి గది అద్దెకు ఇబ్బంది పడేవాళ్ళ కోసం వాడదామంటే ఒప్పుకుంది. లెక్క రాసిన కాగితం మా మెట్ల దగ్గర అంటించాను, ఎవరైనా చూడవచ్చు.

అన్న ఫోన్ ఆపలేదు, ఆ నంబరు అలాగే ఉంది. ఊరి నుంచి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పగలు వదిన తీస్తుంది, సాయంత్రం ఆరు తర్వాత నేను తీస్తాను. తమిళం బాగా వచ్చి, వారంలో ఒక పూట పెద్దాసుపత్రి దగ్గర ఉండగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. నోటుబుక్కులో కొన్ని లాడ్జీల నంబర్లు పనిచేయడం లేదు, అద్దెలు కూడా మారిపోయాయి. వచ్చే ఆదివారం పదింటికి వదిన ఇంట్లో కూర్చుని అదంతా కొత్తగా రాస్తున్నాం. మీకు తెలిసిన వివరాలు పట్టుకుని రండి.