కరీంనగర్ కారు, మా దుకాణం కర్బన లెక్క

సికింద్రాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయలేదు, క్షమించు. అమ్మ మోకాలు నయమైంది, చిన్నవాడు ఏడో తరగతిలోకి వచ్చాడు, మేము ఇంకా ఆ పాత ఇంట్లోనే ఉన్నాము. ఇక అసలు సంగతికి వస్తాను, అది నీకు చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

మాకు పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే బెంగళూరు కంపెనీ ఒకటి, వాటిని మేము బాగుచేసి మళ్లీ అమ్మడం వల్ల ఎంత కర్బన ఉద్గారం తప్పిందో లెక్క రాసి పంపమని అడిగింది. ఒక కొత్త ల్యాప్‌టాప్ జీవితకాలపు ఉద్గారాలు సాధారణంగా రెండు మూడు వందల కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమని, అందులో ఎక్కువ భాగం తయారీలోనే వెలువడుతుందని తయారీదారులే చెబుతున్నారు కనుక, ఆ అంకెను అమ్మకాల సంఖ్యతో హెచ్చవేస్తే పని అయిపోతుందనుకున్నాను. హాస్టల్‌లో నువ్వు పేచీ పెట్టిన సున్నుండల లెక్క గుర్తుకు రాకపోతే అలాగే పంపేసేవాణ్ని.

ముందు మా ఖర్చు చూద్దామని కూర్చున్నాను. బెంగళూరు నుంచి లారీలో వచ్చే సరుకులో ఒక్కో యంత్రం వంతుకు పావుకిలో కూడా రాలేదు. దుకాణానికి నెలకు 600 యూనిట్ల కరెంటు కాలుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 420 కిలోలు, దాన్ని నెలకు అమ్మే 70 యంత్రాలకు పంచితే తలా ఆరు కిలోలు. అందులో సింహభాగం ఏసీదే. ఇంతవరకు హాయిగానే ఉన్నాను. ఆ తర్వాత, పాత హార్డ్ డిస్క్ తీసి దాని బదులు మేము బిగించే కొత్తరకం నిల్వ పలక ఎస్‌ఎస్‌డీ దగ్గర ఆగిపోయాను. 2022లో ఇద్దరు పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం ఎస్‌ఎస్‌డీ తయారీకి ఒక్కో జీబీకి దాదాపు 160 గ్రాములు. అంటే 256 జీబీ ముక్కకు నలభై కిలోల పైమాటే! అరచేతిలో పట్టే ఆ పలక మా దుకాణం మొత్తాన్ని మింగేసింది.

దాన్ని మించినవాడు కరీంనగర్ నుంచి వచ్చాడు. ఒక్క ల్యాప్‌టాప్ కోసం రానుపోను 330 కిలోమీటర్లు ఒంటరిగా కారు నడిపాడు. లీటరుకు పదిహేను కిలోమీటర్ల చొప్పున 22 లీటర్ల పెట్రోలు, లీటరుకు 2.3 కిలోలు, వెరసి యాభై కిలోలు. టీ తాగిస్తూ ఆ సంగతి చెబితే, బస్సులో అయితే నడుం నొప్పండీ అన్నాడు.

అయితే ఇవన్నీ చిల్లర లెక్కలు. అసలు చిక్కు నువ్వు హాస్టల్‌లో పెట్టిన పేచీయే: ఎవరు ఎన్ని తిన్నారన్నది కాదు, ఆ సున్నుండ ఇక్కడ లేకపోతే వాడు ఏం తినేవాడన్నది. మా దగ్గర కొనకపోతే ఏం చేసేవారని పాత ఖాతాదారులకు ఫోన్లు చేసి అడిగాను. కొత్తది కొనేవాళ్లమన్నవారు సగం మంది కూడా లేరు. కొందరు మరో దుకాణంలో పాతదే కొనేవారట. సిద్దిపేట నుంచి వచ్చి పాలిటెక్నిక్ చదివే కూతురికి కొనిచ్చిన ఒక తల్లి మాత్రం, "ఏం కొనేవాళ్లం సారూ, ఆ పిల్ల ఫోన్‌లోనే తిప్పలు పడేది" అంది. లెక్క ప్రకారం ఆ అమ్మకంలో ఆదా ఏమీ లేదు, పైగా ఎస్‌ఎస్‌డీ, కరెంటు అదనం. ఆమె పేరును నష్టపు గడిలో రాయడానికి చెయ్యి రాలేదు సత్యం. చివరికి రాశాను, లెక్క లెక్కే కదా. కానీ ఆ గడికి నష్టం అనే పేరు తీసేసి...

ఆ మాట తర్వాత చెబుతాను. కంపెనీ వారికి సగానికి తగ్గించిన అంకె పంపితే, పెద్ద అంకె కావాలన్నారు, తమ సొంత ఉద్గారాల్లోంచి తీసేసుకుంటారట! తప్పించిన ఉద్గారాలను విడిగా చూపాలే తప్ప సొంత ఖాతాలో కోత పెట్టకూడదని, కంపెనీలు ఉద్గారాల లెక్కకు వాడే నియమావళి అయిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ చెబుతుందని రాశాను. ఇంతవరకు పలుకు లేదు. ఆ సరుకు పోతే పోనీ అని ధైర్యంగా అంటున్నాను గాని, వచ్చే నెల అద్దె తలచుకుంటే గుండె జారుతోంది.

ఇదిగో, కరీంనగర్ ఆయన ఫోను. ఛార్జరు మా బల్ల మీదే మరిచిపోయాడట, రేపు కారులో వస్తాడట. కొరియర్‌లో పంపుతానని చెప్పి ముందు ఆయన్ని ఆపాలి, ఉంటాను.

నీ
రంగడు