కొమ్మల కుప్ప: ఆదివారం ష్రెడర్ వస్తోంది

అందరికీ నమస్కారం. పార్కు వెనక కొట్టిన కొమ్మల కోసం అద్దెకు ష్రెడర్ (కొమ్మల్ని పొట్టుగా నరికే మిషన్) తెస్తున్నాం. 2,500 వాట్ల కరెంటు మిషన్, 40 మి.మీ. కంటే లావు కొమ్మ పట్టదు. లావువి రంపంతో కోసి పక్కన పేర్చండి.

ప్లగ్ 16 ఆంప్స్‌ది. ఎక్స్‌టెన్షన్ 2.5 చ.మి.మీ. రాగి వైరుది కావాలి, చుట్ట మొత్తం విప్పాలి. చుట్టగానే వదిలేస్తే వేడెక్కి కరుగుతుంది.

పచ్చిగా ఉండగానే వేస్తే సులువు. ఎండిన సుబాబుల్, కానుగ బ్లేడును త్వరగా మొద్దుబారుస్తాయి. మొదలు వైపు ముందు పెట్టండి. తడి ఆకులు ఒక్కటే కుక్కితే బయటికొచ్చే దారి పూడుకుంటుంది. మధ్యమధ్యలో ఎండు పుల్ల వేస్తే అదే తోసేస్తుంది. కొబ్బరి మట్టలు మాత్రం వద్దే వద్దు, నార లోపల చుట్టుకుంటుంది. మన్నంటిన వేర్లు, కట్టుతీగ కూడా అంతే.

ఇరుక్కుంటే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, బ్లేడు పూర్తిగా ఆగాకే పుల్లతో తీయండి. చెయ్యి పెట్టొద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు వేసుకుని దగ్గరికి రావద్దు. కాగితపు పూల ముళ్లకు చేతికి బిగుతుగా పట్టే తోలు గ్లవ్స్ మేలు.

గన్నేరు విషం, విడిగా పెట్టండి. మేకల వాళ్లకు ఇవ్వకండి, కాల్చకండి.

వచ్చిన పొట్టు కుండీల్లో, పాదుల్లో 2, 3 అంగుళాలు పరవచ్చు. కాండానికి నాలుగు వేళ్లు ఎడం ఉంచండి. పచ్చి పొట్టు మట్టిలో కలపొద్దు, నత్రజని లాగేసి ఆకులు పసుపెక్కుతాయి. గోడ వారగా పోశారో, చెదలకు మీరే పిలుపు పంపినట్టు. గోనె సంచులు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.