అడ్డతీగను కలుపుగా చూడకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న బంధువుల పెళ్లిలో వేడి సాంబారు పోయగానే కాగితపు పళ్లెం మీది ప్లాస్టిక్ పొర బుడగలా లేచి అన్నంలో కలిసింది. ఆ ముక్కలు ఏరి పక్కన పెట్టుకుని తిన్నాను. మా ఇంటి పెళ్లిళ్లన్నీ ఒకప్పుడు అడ్డాకు (అడవిలో పాకే అడ్డతీగ ఆకు) విస్తళ్లలోనే జరిగాయి. ప్లాస్టిక్ పళ్లేలను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అడ్డాకు తిరిగి వస్తుందని ఆశపడ్డాను. మా ప్రాంతంలో మాత్రం పూత కాగితం వచ్చి కూర్చుంది.

ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు మన్యంలో ఉన్నాను. ఆవు డెక్కలా రెండుగా చీలిన ఈ ఆకును కోసి, కట్టలు కట్టి, కొండ దిగి వచ్చే ఆడవాళ్లను రోజూ చూసేవాణ్ణి. ఇంటి అరుగు మీద కూర్చుని, సన్నని వెదురు పుల్లలు గుచ్చుతూ ఆకుకు ఆకు కలిపి, చారు కారని విస్తరి కుట్టేవారు. ఆకు సంగతి పట్నానికి కొంత తెలుసు. దాని పిక్కల సంగతి బొత్తిగా తెలియదు. జానెడు పొడవున, తుప్పురంగు నూగుతో ఉండే కాయను నిప్పుల మీద వేస్తే చెక్క పగిలినట్టు టప్పున విచ్చుకుంటుంది. లోపల నాణెంలాంటి చదునైన పిక్కలు ఉంటాయి. వాటిని వలుచుకుని వేడివేడిగా తింటారు. ఆ రుచి నాకు జీడిపప్పును తలపించేది. ఇంట్లో తిండిగింజలు తగ్గిన రోజుల్లో ఈ పిక్కలను ఉడికించి పిల్లలకు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. దీని నారతో తాళ్లు కూడా పేనుతారు. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం పోలీసు స్టేషన్ మీద దాడి చేసిన ఊరి పేరే అడ్డతీగల. అక్కడివారికి ఈ తీగ అంత దగ్గరిది.

ఇంత మేలు చేసే తీగను అటవీ లెక్కల్లో చెట్టుకు పట్టిన చీడగా చూడడమే నా బాధ. ముప్పై మీటర్ల దాకా పాకి కొమ్మలను కప్పేస్తుంది, కలప చెట్టును ఎదగనివ్వదు అంటూ తీగలను మొదలంటా నరికించడం పాత అలవాటు. కలప కోసమే పెంచే తోపుల్లో ఆ జాగ్రత్త అర్థమవుతుంది. ఊరివాళ్లు ఆకు, కాయ ఏరుకునే సహజమైన అడవిలో అదే కత్తి ఎందుకు? చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించుకుని అమ్ముకునే హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు ఇచ్చింది. తీగే లేకపోతే ఆ హక్కుతో ఏం ఏరుకోవాలి? ఏ తీగను నరకాలో, దేన్ని ఉంచాలో తేల్చేముందు గ్రామసభను అడగాలని అటవీ శాఖను కోరుతున్నాను. ఆకు కోసం తీగనే తెగ్గొట్టి లాగే పద్ధతిని గ్రామసభలే కట్టడి చేయాలి.

కొనేవాళ్లు లేకపోతే విస్తరి కుట్టే చెయ్యి ఆగిపోతుంది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ద్వారా అడ్డాకు విస్తళ్లు తెప్పించి దేవాలయాల అన్నదానాల్లో, ప్రభుత్వ సభల్లో వడ్డించాలి. గిరిజన సంక్షేమ వసతి గృహాల్లో పండగ భోజనాలతో ఈ సంక్రాంతికే మొదలుపెట్టవచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం